చేతికి కుదిరిన బాల్ కోసం: బౌలింగ్ ప్రాజెక్టు డైరీ

డాలస్‌కి ఉత్తరాన మేం ఉండే ఊళ్ళో సెప్టెంబరులో మొదలయ్యే గురువారం బౌలింగ్ లీగ్‌లో (లేన్ మీద బాల్ దొర్లించి పది పిన్‌లని పడగొట్టే ఆట పోటీ) చేరడం కోసం వేసవి నుంచి చేసిన పని ఇది. సెంటర్‌లో అందరికీ ఇచ్చే హౌస్ బాల్‌తో ఒక గేమ్‌కి నా సగటు స్కోరు 106. ఇప్పుడు 146 దగ్గర నిలకడగా ఉంది. ఈ రెండు అంకెల మధ్య డబ్బు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ పోయిందో, ఏది ఎందుకు మార్చామో దశలవారీగా రాస్తున్నాను.

ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఆఫీసు టీమ్‌తో బౌలింగ్‌కి వెళ్ళి, ఆట నచ్చి, నేరుగా రెండు వందల డాలర్ల హుక్ బాల్ (చివర్లో పక్కకి వంపు తిరిగేది) కొనేస్తుంటారు. కొన్నాళ్ళకి అది గరాజ్‌లో ఓ మూలకి చేరుతుంది. బాల్‌లో లోపం ఉండదు, కొన్న వరస తప్పు. ముందు చేతి కొలత, తర్వాత స్పేర్‌లు (మొదటి బాల్‌కి మిగిలిన పిన్‌లని రెండో బాల్‌తో పడగొట్టడం), ఆ తర్వాతే హుక్. ఈ డైరీ అంతా ఆ వరసలోనే నడుస్తుంది.

నా వివరాలు, మీతో పోల్చుకోవడానికి: కుడిచేతి వాటం, 5 అడుగుల 7 అంగుళాలు, 72 కిలోలు, అరచెయ్యి మధ్యస్థం. బోర్డుల (లేన్ మీది చెక్కపట్టీల) నంబర్లన్నీ కుడిచేతి వాళ్ళకి, కుడి గట్టర్ (లేన్ పక్కనుండే కాలవ) వైపు నుంచి లెక్క. ఎడమచేతి వాళ్ళు ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటే చాలు. ప్రాక్టీస్ ఆటల డబ్బూ లీగ్ వారపు ఫీజూ ఖర్చు లెక్కలో కలపలేదు.

దశ 1: లేన్ కొలతలు

బాల్ గురించి ఆలోచించే ముందు ఈ అంకెలు తెలిసి ఉంటే తర్వాత చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

1. ఫౌల్ లైన్ (బాల్ వదిలేటప్పుడు కాలు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్‌కి 60 అడుగులు. లేన్ వెడల్పు 41న్నర అంగుళాలు, అందులో 39 చెక్కపట్టీలు. వాటినే బోర్డులు అంటారు. ఒక్కో బోర్డు అంగుళం కంటే కాస్త ఎక్కువ.
2. లేన్ మీద బాణం గుర్తులు ఏడు: 5, 10, 15, 20, 25, 30, 35 బోర్డుల మీద. మధ్య బాణం ఫౌల్ లైన్‌కి సుమారు 15న్నర అడుగుల దూరంలో ఉంటుంది. చూడాల్సింది పిన్‌ల వైపు కాదు, ఈ బాణాల వైపు.
3. పిన్ ఎత్తు 15 అంగుళాలు, బాగా లావుగా ఉన్నచోట అడ్డకొలత 4 ముప్పావు అంగుళాలు. పక్కపక్క పిన్‌ల మధ్య దూరం, మధ్యబిందువు నుంచి మధ్యబిందువుకి, 12 అంగుళాలు.
4. బాల్ అడ్డకొలత సుమారు 8న్నర అంగుళాలు. బరువు 16 పౌన్లు, అంటే 7.26 కిలోలు దాటకూడదు.
5. లేన్ మీద కంటికి కనపడని ఆయిల్ పూత ఉంటుంది. మామూలు సెంటర్‌లలో దాదాపు 40 అడుగుల దాకా పూస్తారు. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. చివరి 20 అడుగులు పొడి. హుక్ అయ్యే బాల్ తిరిగేది అక్కడే.

దశ 2: బరువు తేల్చుకోవడం

శరీర బరువులో పదో వంతు బాల్ తీసుకోమని చాలామంది చెబుతారు. ఆ లెక్కన నాకు 16 పౌన్లు రావాలి. ఆ బరువుతో ఒక గేమ్ పూర్తయ్యేసరికి భుజం కిందికి జారి, బాల్ చీలమండకి తగిలేంత దగ్గరికి వచ్చింది. కండబలం, భుజం ఆరోగ్యం, ఊపు తీరు ఇవేవీ ఆ సూత్రంలో లేవు. అందుకని హౌస్ బాల్‌లతోనే పరీక్ష పెట్టాను. ఒక్కో బరువుతో రెండేసి గేములు, రెండింటి మధ్య విరామం. నోట్ చేసుకున్నవి మూడు:

1. బాల్ చేతిలో పట్టుకుని చెయ్యి వేలాడదీసి, లోలకంలా ముందుకీ వెనక్కీ ఊపాలి. భుజం పైకి లేవకుండా పది ఊపులు రావాలి.
2. మొదటి గేమ్ మొదట్లో వేగం, రెండో గేమ్ చివర్లో వేగం. తేడా గంటకి ఒక మైలు దాటితే ఆ బరువు ఎక్కువ.
3. మర్నాడు పొద్దున బొటనవేలి కీలు, మణికట్టు ఎలా ఉన్నాయి.

వేగం స్క్రీన్ మీద కనిపిస్తుంది. కానీ చాలా సెంటర్‌లలో సెన్సర్ పిన్‌ల దగ్గర ఉంటుంది కాబట్టి అది వదిలినప్పటి వేగం కంటే తక్కువ. ఫోన్ వీడియోతో మనమే లెక్కేసుకోవచ్చు. బాల్ ఫౌల్ లైన్ దాటినప్పటి నుంచి మొదటి పిన్‌ని తాకేదాకా రెండున్నర సెకన్లు పడితే సగటు వేగం గంటకి 16.4 మైళ్ళు. మొదలుపెట్టేవాళ్ళకి ఆ చుట్టుపక్కల ఉంటే చాలు.

ఫలితం: 10 పౌన్ల బాల్‌తో వేగం 19 దాటింది కానీ బాల్ పిన్‌లకి తగిలి పక్కకి తేలిపోయింది, వెనక వరస పిన్‌లు అలాగే నిలబడ్డాయి. 12 పౌన్లతో వేగం 17, చివరిదాకా తగ్గలేదు. 14తో 16 దగ్గర మొదలై 14న్నరకి పడిపోయింది.

అంకెలు చూస్తే 12 కొనాలనిపిస్తుంది. కానీ హౌస్ బాల్ హోల్స్ ఎవరి వేలైనా పట్టేలా వదులుగా, వేళ్ళ దూరం దగ్గరగా ఉంటాయి. జారిపోకుండా పిడికిలి బిగించి పట్టుకోవాలి. ఆ బిగింపుకే సగం బలం పోతుంది. చేతికి కొలిచి హోల్స్ వేసిన బాల్ దానంతట అదే వేళ్ళకి వేలాడుతుంది. హౌస్ బాల్ ఏ బరువులో హాయిగా ఉందో దానికి ఒకటి రెండు పౌన్లు కలిపి సొంత బాల్ తీసుకోమని ఇక్కడి పాత ఆటగాళ్ళు చెప్పే మాటకి కారణం ఇదే. 14 పౌన్లు, అంటే 6.35 కిలోలు ఖాయం చేసుకున్నాను. తర్వాత మార్చాల్సిన అవసరం రాలేదు.

ఇప్పటిదాకా ఖర్చు: సున్నా. సగటు: 106.

దశ 3: బూట్లు

బాల్ కంటే ముందు బూట్లు కొన్నాను. అద్దె బూట్లలో రెండు పాదాలూ ఒకేలా జారతాయి, పైగా ఒక్కో జత ఒక్కో తీరు. రోజూ అడుగు మారుతుంటే గురి గురించి మాట్లాడుకోవడం దండగ. కుడిచేతి ఆటగాళ్ళ బూట్లలో ఎడమ అడుగు జారడానికి, కుడి అడుగు పట్టు కోసం రబ్బరుతో ఉంటాయి. చవక జతల్లో చాలావాటికి రెండూ జారేవే ఉంటాయి కాబట్టి కొనేముందు అడుగుభాగం తిప్పి చూడండి.

జారే అడుగుకి ఒక్క చుక్క తడి తగిలినా అది బ్రేక్ పడ్డట్టు అంటుకుపోతుంది. మోకాలికి దెబ్బ తగిలేది అప్పుడే. ఆ బూట్లతో రెస్ట్‌రూమ్‌కి గానీ, స్నాక్స్ కౌంటర్‌కి గానీ వెళ్ళొద్దు.

బూట్లు: 70 డాలర్లు. మొత్తం: 70.

దశ 4: ప్లాస్టిక్ బాల్, హోల్స్

పాలియెస్టర్ బాల్‌నే అందరూ ప్లాస్టిక్ అంటారు. ఇది ఆయిల్ మీదా, పొడి మీదా దాదాపు సూటిగానే పోతుంది. కొలంబియా 300 వాళ్ళ వైట్ డాట్ లాంటివి ఎన్నో ఏళ్ళుగా ఈ పనికే వాడుతున్నారు. మొదటి బాల్ ఇదే కావాలని నేను గట్టిగా చెబుతాను. ఎంత బాగా ఆడేవాళ్ళైనా మూలనున్న ఒంటరి పిన్ కొట్టడానికి ప్లాస్టిక్ బాల్ తీస్తారు కాబట్టి ఇది ఎప్పటికీ మూలన పడదు.

బాల్ 95 డాలర్లు, హోల్స్‌కి 55. మొత్తం: 220.

ఇక్కడే ఎక్కువ రోజులు పోయాయి. మొదట వెళ్ళిన షాప్‌లో నా చెయ్యి ఒకసారి చూసి, బొటనవేలు ఒక్కటీ కొలపలకలో పెట్టించి హోల్స్ వేసిచ్చారు. హౌస్ బాల్‌లో లాగే, వేళ్ళు రెండో కణుపు దాకా లోపలికి వెళ్ళే పట్టు. రెండో గేమ్‌కే బొటనవేలి మొదట్లో, అరచేతి వైపు, రక్తం కమ్మిన బొబ్బ. బాల్ చేతి నుంచి ఆలస్యంగా వదిలి, ఫౌల్ లైన్‌కి రెండడుగుల అవతల దబ్బున పడేది. చేతిలో టెన్షన్, అది భుజం దాకా పాకేది.

ఏం తప్పో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మీ బాల్‌కీ చేసి చూడండి:

1. బొటనవేలు పూర్తిగా లోపలికి పెట్టి, మిగతా రెండు వేళ్ళూ హోల్స్ మీద చాపండి. రెండో కణుపు పట్టు అయితే ఆ కణుపు గీత హోల్ దగ్గరి అంచుకి పావు అంగుళం అవతలికి రావాలి. నాది అంచు దాకా కూడా రాలేదు.
2. మూడు వేళ్ళూ పెట్టి పట్టుకున్నప్పుడు అరచేతికీ బాల్‌కీ మధ్య ఒక పెన్సిల్ పట్టీపట్టనట్టు దూరాలి. అసలు దూరకపోతే స్పాన్ (బొటనవేలి హోల్‌కీ వేలి హోల్‌కీ మధ్య దూరం) ఎక్కువ. వదులుగా దూరి ఇంకా చోటుంటే తక్కువ.
3. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం తీగలా బిగుసుకుంటే స్పాన్ ఎక్కువ.
4. బొబ్బ ఎక్కడొచ్చిందో చూడండి. వేలి మొదట్లో అయితే స్పాన్, లేదా హోల్ అంచు సరిగా గుండ్రం చేయకపోవడం. వేలి కొసన, గోరు పక్కన అయితే హోల్ వదులు వల్ల బిగించి పట్టుకుంటున్నారని.

నా బాల్ మీద స్పాన్ 3 ముప్పావు అంగుళాలు. ఆ పట్టుకి నాకు కావాల్సింది 3న్నర. పావు అంగుళం తేడా ఒక రూపాయి బిళ్ళ వెడల్పులో మూడో వంతు కూడా కాదు. కానీ 14 పౌన్ల బరువు ఊగుతున్నప్పుడు ఆ కాస్తా బొటనవేలిని హోల్‌లో ఇరికించేస్తుంది.

రెండో షాప్‌లో మొదట బాల్ ముట్టుకోలేదు. జరిపే భాగాలున్న కొలత బాల్ ఒకటి చేతికి తొడిగి, చెయ్యి వేలాడదీయించి, ఒక్కో వేలికీ విడిగా స్పాన్ రాసుకున్నారు. మధ్యవేలికి 4 1/4 అంగుళాలు, ఉంగరపు వేలికి 4 5/16. ఇవి ఫింగర్‌టిప్ పట్టు కొలతలు, అంటే వేళ్ళు మొదటి కణుపు దాకానే లోపలికి వెళ్తాయి. ముందుముందు హుక్ బాల్ కొన్నా అదే పట్టు ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ బాల్‌ని కూడా ఇప్పుడే దీనికి మార్చాలని నిర్ణయించాం. రెండు బాల్‌లకి రెండు రకాల పట్టు ఉంటే చెయ్యి ఏదీ నేర్చుకోదు.

పాత హోల్స్‌లో రెసిన్ పోసి, ఒక రాత్రి గట్టిపడనిచ్చి, చదును చేసి కొత్తవి వేశారు. వేళ్ళ హోల్స్‌లో రబ్బరు తొడుగులు. బొటనవేలి హోల్ లోపల అంచు బొటనవేలి చర్మానికి ఎక్కడా గీసుకోకుండా ఇసుక కాగితంతో కొంచెం కొంచెంగా గుండ్రం చేస్తూ, ప్రతిసారీ నా చేత వేలు పెట్టించి, తీయించి చూశారు. అరగంట పట్టింది. ఆ అరగంటకి ఇచ్చిన డబ్బే ఈ మొత్తం ప్రాజెక్టులో నేను పెట్టిన మంచి డబ్బు.

హోల్స్ మళ్ళీ వేయించడం: 75 డాలర్లు. మొత్తం: 295.

ఒక చిన్న విషయం ఎవరూ ముందు చెప్పరు. బొటనవేలు ఒకే సైజులో ఉండదు. ఆట మొదట్లో ఒక రకం, గంట గడిచాక ఉబ్బి ఒక రకం, చలికాలం పొద్దున ఇంకో రకం. అందుకే హోల్ కొంచెం వదులుగా వేయించి, లోపల టేప్ ముక్కలతో సరిచేసుకోవాలి. నేను రెండు ముక్కలతో మొదలుపెడతాను, వేలు ఉబ్బగానే పట్టకారుతో ఒకటి పీకేస్తాను. చెయ్యి కిందికి వేలాడేసి బాల్‌ని పిడికిలి బిగించకుండా పట్టుకున్నప్పుడు అది జారకూడదు. వదిలితే ఎక్కడా తట్టకుండా ఊడిపోవాలి.

టేప్, తువ్వాలు, సంచి: 45. మొత్తం: 340. సగటు: 112.

దశ 5: నాలుగు అడుగులు, క్రికెట్ మణికట్టు

చిన్నప్పటి నుంచి క్రికెట్ ఆడిన చేతికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది, మనవాళ్ళలో చాలామందికి వస్తుంది. వదిలేటప్పుడు బలం పెట్టడం, మణికట్టు తిప్పడం అలవాటు. మా బావమరిది వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీసి, "బావా, చూడు, లెగ్ స్పిన్ వేస్తున్నట్టు చెయ్యి పైనుంచి తిరిగిపోతోంది" అన్నాడు.

"బాల్ మీద ఆయిల్ చూడరా, ఆ మాటే చెబుతోంది" అన్నాను.

తిరిగొచ్చిన బాల్‌ని తుడవకుండా వెలుతురుకి ఎత్తి చూస్తే, దొర్లిన చోట ఆయిల్ సన్నని ఉంగరంలా అంటుకుని ఉంటుంది. ఉంగరం బొటనవేలి హోల్‌కి ఒకటి రెండు అంగుళాల దూరంలో, పెద్దగా ఉంటే బాల్ బాగా దొర్లుతున్నట్టు. నాది అరచెయ్యంత చిన్న ఉంగరం, హోల్స్‌కి ఆమడ దూరాన. బాల్ దొర్లకుండా బొంగరంలా ఉన్నచోటే తిరుగుతూ జారిపోతోంది. అలాంటి బాల్ పిన్‌ల దగ్గరికి బలం లేకుండా చేరుతుంది. ఉంగరం హోల్ మీదుగా పోతే మాత్రం లేన్ మీద టకటకమని శబ్దం వస్తుంది. అప్పుడు షాప్ వాళ్ళకి చూపించాలి.

మార్చినవి:

1. ఫౌల్ లైన్ దగ్గర పిన్‌లకి వీపు పెట్టి నిలబడి, నాలుగున్నర అడుగులు వేసి వెనక్కి తిరిగాను. నా మొదలుపెట్టే చోటు అది.
2. కుడి అడుగుతో పాటే బాల్ ముందుకి తోయాలి. నేను అడుగు వేశాక తోసేవాణ్ణి. చెయ్యి వెనకబడేది, ఆ ఆలస్యం పూడ్చడానికి చివర్లో బలం పెట్టాల్సి వచ్చేది.
3. తర్వాత ఎడమ, కుడి, ఎడమ. చివరి ఎడమ అడుగు జారాలి. బాల్ చీలమండ పక్కకి వచ్చేసరికి జారడం పూర్తి కావస్తూ ఉండాలి.
4. మణికట్టు తిప్పడం ఆపేశాను. బొటనవేలు గడియారంలో పది, పదకొండు మధ్య చూస్తున్నట్టు ఉంచి, చెయ్యి బాల్ వెనకే ఉండేలా వదిలాను. బొటనవేలు ముందు బయటికి, వేళ్ళు తర్వాత.
5. వదిలాక చెయ్యి భుజం ఎత్తుకి రావాలి, మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలి. నిలబడలేకపోతే అడుగుల లెక్క కుదరలేదన్నట్టు.

నాలుగో అంశం పూర్తి అడుగులతో కుదరలేదు. ఫౌల్ లైన్ దగ్గర ఒక్క అడుగుతో వదలడం చాలా రోజులు చేశాకే ఉంగరం పెద్దదైంది. స్క్రీన్ మీద వేగం 17 నుంచి 15న్నరకి తగ్గింది. వేగం తగ్గినా పడే పిన్‌లు పెరిగాయి.

దశ 6: స్పేర్‌లు

స్ట్రైక్ (మొదటి బాల్‌కే పదీ పడటం) ఒక్కటి కూడా లేకుండా ప్రతి ఫ్రేమ్‌లో (రెండు బాల్‌ల వంతు, గేమ్‌కి పది) తొమ్మిది పడేసి ఒకటి వదిలేస్తే స్కోరు 90. అదే ఒక్క పిన్‌ని ప్రతిసారీ కొట్టి స్పేర్ చేస్తే 190. తేడా వంద, బాల్ మాత్రం అదే. లీగ్‌లో 150 లోపు సగటు ఉన్నవాళ్ళకి స్ట్రైక్ బాల్ గురించి బాధ అనవసరమని నేననేది ఈ లెక్క చూసే.

అన్నిటికంటే కష్టమైంది కుడి మూలనున్న 10వ పిన్. ఎందుకు కష్టమో కొలిస్తే తెలుస్తుంది. మధ్యలో ఉన్న ఒంటరి పిన్‌ని బాల్ ఇటు ఆరున్నర, అటు ఆరున్నర అంగుళాల తేడాతో తాకవచ్చు. మొత్తం 13 అంగుళాల కిటికీ. 10వ పిన్ మధ్యబిందువు నుంచి గట్టర్ అంచుకి 2 ముప్పావు అంగుళాలే. బాల్ అంతకు మించి కుడికి పోతే గట్టర్‌లో పడుతుంది. కాబట్టి కిటికీ 9 అంగుళాల పైచిలుకు. బాణాల దగ్గరికి వచ్చేసరికి అది రెండు బోర్డులు.

కుడి అంచు వెంబడి సూటిగా వేయడం మొదట ప్రయత్నించాను. పదింటికి రెండో మూడో తగిలాయి, మిగతావి గట్టర్. తర్వాత ఎడమ నుంచి లేన్‌కి అడ్డంగా వేయడానికి మారాను. కాగితం మీద వేసుకున్న లెక్క ఇది:

1. 10వ పిన్ 3వ బోర్డు మీద, ఫౌల్ లైన్‌కి దాదాపు 62న్నర అడుగుల దూరంలో ఉంటుంది.
2. మధ్య బాణం 20వ బోర్డు మీద, 15న్నర అడుగుల దగ్గర.
3. ఈ రెండింటినీ కలిపే గీతని వెనక్కి పొడిగిస్తే ఫౌల్ లైన్ దగ్గర 25, 26 బోర్డుల మధ్య తాకుతుంది. బాల్ అక్కడ దిగాలి.
4. బాల్ నా ఎడమ పాదానికి ఆరేడు బోర్డులు కుడిగా దిగుతుంది. కాబట్టి జారే పాదం 32వ బోర్డు మీద ఆగాలి.
5. భుజాలు 10వ పిన్ వైపు తిప్పి, అడుగులు కూడా అదే దిక్కులో వేయాలి. చూపు మధ్య బాణం మీదే.

ఎడమ మూలనున్న 7వ పిన్‌కి ఇదే లెక్క అద్దంలో చూసినట్టు: పాదం 20, 21 దగ్గర, బాల్ దిగేది 14, 15 మీద, అదే మధ్య బాణం. బాణం కదలదు కాబట్టి, కాలు ఒక బోర్డు ఒక పక్కకి జరిపితే పిన్‌ల దగ్గర బాల్ మూడు బోర్డులు రెండో పక్కకి జరుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా పిన్‌లకి ఎక్కడ నిలబడాలో మీరే కట్టుకోవచ్చు.

పాదం ఎక్కడ ఆగిందో ప్రతిసారీ కిందికి చూసి నోట్ చేశాను. 32 అనుకుని మొదలుపెడితే 35 దగ్గర ఆగుతున్నాను, అంటే ఎడమకి కొట్టుకుపోతున్నాను. మొదలుపెట్టే చోటు మూడు బోర్డులు కుడికి జరిపితే సరిపోయింది. 10వ పిన్ పదింటికి రెండు మూడు నుంచి ఆరుకి, మిగతా ఒంటరి పిన్‌లు ఎనిమిదికి వచ్చాయి.

ఖర్చు మారలేదు: 340. సగటు: 131.

దశ 7: రియాక్టివ్ బాల్

రబ్బరు బాల్‌ల కాలం పోయి పాలియెస్టర్, 1980ల మొదట్లో యురెథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెసిన్ వచ్చాయి. పైపొరలోని సన్నటి రంధ్రాలు ఆయిల్‌ని పీల్చుకుని, పొడి చోట లేన్‌ని పట్టుకోవడం రియాక్టివ్ ప్రత్యేకత. బాల్ పిన్‌లని కోణంలో తాకితే స్ట్రైక్ అవకాశం పెరుగుతుంది. కుడిచేతి వాళ్ళకి తాకాల్సిన చోటు 1వ పిన్‌కీ (అన్నిటికంటే ముందున్నది), దాని వెనక కుడివైపున్న 3వ పిన్‌కీ మధ్య సందు, 17న్నరో బోర్డు దగ్గర. కోణం ఆరు డిగ్రీల దగ్గరుంటే బాగు. సూటి బాల్‌తో ఆ కోణం రాదు.

కొనేటప్పుడు చూసినవి:

1. బరువు 14. ప్లాస్టిక్ బాల్‌తో సమానం.
2. కోర్ (బాల్ లోపలి బరువు దిమ్మ) సిమెట్రిక్, అంటే అన్నివైపులా ఒకేలా ఉండేది. అసిమెట్రిక్ బాల్ చిన్న తేడాకి పెద్దగా స్పందిస్తుంది, కొత్త చేతికి వద్దు.
3. డిఫరెన్షియల్ అనే అంకె. నిబంధనల ప్రకారం 0.060 దాటకూడదు. ఇది పెరిగేకొద్దీ బాల్ దొర్లే గీత మారుతూ ప్రతి చుట్టుకీ కొత్త చోటు లేన్‌ని తాకుతుంది, హుక్ పెరుగుతుంది. 0.030 దగ్గర ఉన్నది తీసుకున్నాను.
4. ధర. బ్రన్స్‌విక్ రైనో లాంటి మొదటి మెట్టు బాల్‌లు ఈ సెంటర్ ఆయిల్‌కి చాలు. ఖరీదైనవి ఎక్కువ ఆయిల్ ఉన్న పోటీ లేన్‌ల కోసం.

హోల్స్ వేసేముందు షాప్‌లో నా ప్లాస్టిక్ బాల్ వేయించి, దానిమీది ఆయిల్ ఉంగరం బట్టి బాల్ నా చేతిలో ఏ అక్షం మీద తిరుగుతోందో కొలిచారు. ఆ కొలత లేకుండా కోర్‌ని ఎటు తిప్పి హోల్స్ వేయాలో చెప్పడం కుదరదు. నా బాల్‌లో పిన్ గుర్తు (కోర్ పైకొస ఎటుందో చూపించే చుక్క) ఆ అక్షానికి 4 అంగుళాల దూరం వచ్చేలా వేశారు. 3 3/8 దగ్గర హుక్ అత్యధికం, దానికంటే కొంచెం శాంతంగా ఉండాలని అడిగాను.

బాల్ 145, హోల్స్, తొడుగులు, బొటనవేలి స్లగ్ (బొటనవేలి హోల్‌లో అమర్చే ముక్క) 85. మొత్తం: 570.

మొదటి రెండు వారాల్లో సగటు 131 నుంచి 124కి పడిపోయింది. బాల్ పెట్టెలోంచి వచ్చిన మెరుపు పాలిష్‌తో ఆయిల్ మీద జారుతూ పోయి, చివర్లో ఆలస్యంగా తిరిగేది. పొడి చోట పట్టు దొరికేసరికి ఆలస్యమై, చాలాసార్లు సందు అందకుండా కుడికి పోయేది. నా చేతి తిప్పు తక్కువ, దానితో పోలిస్తే వేగం ఎక్కువ. ఇలాంటి చేతికి పాలిష్ పనికిరాదు.

1. 2000 గ్రిట్ ప్యాడ్ (సన్నటి గరుకున్న రుద్దుడు ప్యాడ్) తడిపి, బాల్‌ని నాలుగు వైపుల నుంచి సమానంగా, ఒక్కో వైపు నిమిషం పాటు రుద్దాను. మెరుపు పోయి మబ్బుపట్టినట్టయింది.
2. అదే గురితో వేస్తే బాల్ ముందే పట్టు అందుకుంది, మలుపు మెత్తబడింది.
3. గురి 10వ బోర్డు బాణం. బాల్ 1వ పిన్‌కి ఎడమగా పోతే కాళ్ళు రెండు బోర్డులు, గురి ఒక బోర్డు ఎడమకే జరిపాను. సందు అందకుండా కుడికి పోతే అంతే లెక్కన కుడికి. ఏ పక్కకి తప్పితే ఆ పక్కకే జరగాలి. మొదట ఇది తిరకాసుగా అనిపిస్తుంది, లేన్ మీద చేసి చూస్తే అర్థమవుతుంది.

పైపొర రుద్దడం ఆట మొదలుకాకముందే చేయాలి. లీగ్ మధ్యలో నిబంధనలు ఒప్పుకోవు. 2020 ఆగస్టు నుంచి పోటీ నడుస్తుండగా బాల్ తుడవడానికి ద్రవాలు కూడా వాడకూడదు, పొడి తువ్వాలు మాత్రమే. అందుకే మైక్రోఫైబర్ తువ్వాలు రెండు పెట్టుకుంటాను. ప్రతిసారీ వేసేముందు ఆయిల్ తుడుస్తాను. ఆట పూర్తయిన వెంటనే, బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తాను. ఇంటికెళ్ళాక చేద్దామనుకుంటే ఆయిల్ లోపలికి ఇంకిపోతుంది.

టెక్సస్‌లో ఉండేవాళ్ళకి ఒక హెచ్చరిక: కారు డిక్కీలో బాల్ వదలొద్దు. ఆగస్టు ఎండకి డిక్కీలో బాల్ కాలిపోతుంది, మళ్ళీ ఏసీ గదిలోకి రాగానే చల్లబడుతుంది. ఆ వ్యాకోచ సంకోచాలకి హోల్స్ మధ్య పగులు మొదలవుతుంది. మా టీమ్‌లో ఒకాయన బాల్ అలాగే పగిలింది. చలి రాష్ట్రాల్లో మంచు కాలంలోనూ ఇదే ప్రమాదం.

ప్యాడ్‌లు, ఆల్కహాల్: 22. మొత్తం: 592.

దశ 8: లీగ్

హ్యాండికాప్ (తక్కువ సగటు వాళ్ళకి కలిపే పాయింట్లు) ఉంటుంది కాబట్టి తక్కువ సగటుతో చేరడానికి భయం అక్కర్లేదు. మా లీగ్‌లో 220 నుంచి సగటు తీసేసి, మిగిలినదాంట్లో 90 శాతం కలుపుతారు. 131 సగటుకి 89 లోటు, అందులో 90 శాతం 80. ప్రతి గేమ్‌కీ ఆ 80 పాయింట్లు చేరతాయి. సగటు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

లీగ్‌లో కొత్తగా తెలిసింది ఆయిల్ కదలిక. రెండు టీమ్‌లు ఒకే జత లేన్‌ల మీద ఆడుతుంటే 10వ బోర్డు చుట్టూ ఆయిల్ రెండో గేమ్‌కే పలచబడుతుంది. మొదటి గేమ్‌లో సందు తాకిన బాల్ అప్పుడు ఎడమకి దూసుకుపోతుంది. ప్రాక్టీస్‌లో ఒంటరిగా ఆడినప్పుడు ఇది తెలియదు. ఇప్పుడు ప్రతి గేమ్ మొదట్లో నా నోట్‌బుక్‌లో మూడే మూడు రాస్తాను: పాదం బోర్డు, గురి బోర్డు, బాల్ పిన్‌లని తాకిన చోటు. మూడో గేమ్‌కి సాధారణంగా పాదం నాలుగు బోర్డులు ఎడమకి జరిగి ఉంటుంది.

మూడో గేమ్ స్కోరు మొదటి రెండింటి కంటే ఇంకా పదిహేను పాయింట్లు తక్కువే వస్తోంది. వేగం చూస్తే మొదటి గేమ్‌లో 15న్నర, మూడో గేమ్ చివర్లో 14 ముప్పావు. కాబట్టి అది ఆయిల్ ఒక్కదాని వల్ల కాదు, కాళ్ళు అలసిపోవడం కూడా. ప్రాక్టీస్ గేములు రెండు నుంచి నాలుగుకి పెంచుతున్నాను, వారంలో ఒక్క రోజు మాత్రమే.

మొత్తం ఖర్చు: 592. సగటు: 146. మొదటి షాప్‌లో హోల్స్‌కి ఇచ్చిన 55 తీసేస్తే, ఇదే దారిలో వచ్చేవాళ్ళకి 537 అవుతుంది. హుక్ బాల్ వాయిదా వేసుకుంటే 285తోనే 131 సగటు దాకా రావచ్చు.

తర్వాత చేయాల్సినవి: రియాక్టివ్ బాల్ పైపొర మళ్ళీ మెరుస్తోంది, ఈ ఆదివారం 2000 ప్యాడ్ వేయాలి. బొటనవేలి స్లగ్ లోపల కుడి అంచు మీద చిన్న గీత పడింది, షాప్‌లో చూపించాలి. బావమరిది 15 పౌన్ల బాల్ కొంటానంటున్నాడు. కొనకముందు దశ 2 పరీక్ష వాడికీ పెడుతున్నాను. అంకెలు రాగానే ఇక్కడ కలుపుతాను.